స్ట్రెస్ చూపించే ఫిట్‌నెస్ బ్యాండ్: ఒక నాట్యం టీచర్ మూడు నెలల అనుభవం

సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తూ ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ తెచ్చింది. "నీకు యాభై మూడేళ్లొచ్చాయమ్మా. రోజూ నాలుగు గంటలు పిల్లలతో సమానంగా అడుగులేస్తావు. గుండె ఎలా కొట్టుకుంటోందో కాస్త చూసుకో" అంటూ తనే నా ఎడమ చేతికి కట్టింది. ధర మూడు వేల లోపే. డబ్బా మీద చాలా రాశారు కానీ నా కళ్లు ఒక్క లైను దగ్గర ఆగిపోయాయి. గుండె వేగం, నిద్ర, నడకతో పాటు మీ మానసిక ఒత్తిడిని కూడా 24 గంటలూ కొలుస్తుందట.

నేను గుడివాడలో 26 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. మనసులో ఉన్నది ఒంటి మీదకి ఎలా వస్తుందన్నది నా జీవనం. ఆ పని చేతికి కట్టుకునే ఒక వస్తువు చేస్తుందంటే ఊరికే వదిలేయలేకపోయాను. మూడు నెలల పాటు, స్నానానికీ చార్జింగ్‌కీ తప్ప తీయకుండా పెట్టుకున్నాను. పక్కన ఒక చేతి పుస్తకం పెట్టుకుని, బ్యాండ్ చూపించిన నంబరు ఒకవైపు, ఆ సమయంలో ఏం జరిగిందో మరోవైపు రాసుకున్నాను. ఈ రివ్యూ ఆ పుస్తకంలోంచే వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ముఖ్యమైన లోపం ఒక్క కంపెనీది కాదు, ఈ రకం వస్తువుకే ఉన్న హద్దు.

ముందు పైపై విషయాలు. బరువు తెలియదు. ఎండలో కూడా అంకెలు కనిపిస్తాయి. ఒకసారి చార్జింగ్ పెడితే నాకు ఎనిమిది రోజులు వచ్చింది. పట్టీ రబ్బరుది. మార్చి నెలలో ఎండలు ముదిరాక క్లాసు అయ్యేసరికి దాని కింద చెమట నిలిచి, చర్మం ఎర్రగా కంది, దురద పెట్టింది. బట్టతో అల్లిన పట్టీ విడిగా కొనుక్కున్నాక ఆ బాధ పోయింది. చార్జర్ పిన్ను నెల తిరక్కుండానే పట్టు వదిలింది. దాని బదులు కొత్తది ఇవ్వడానికి 12 రోజులు, ఆరు ఫోన్లు పట్టాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకు రావాల్సి వచ్చింది. గాజులు వేసుకునే ఆడవాళ్లకి ఇంకో మాట: గాజులు బ్యాండ్‌ని ముందుకీ వెనక్కీ తోస్తుంటాయి, దాంతో రీడింగ్ తప్పుతుంది. గాజులు ఒక చేతికి, బ్యాండ్ రెండో చేతికి పెట్టుకోవడమే మార్గం.

ఇక గుండె వేగం. బ్యాండ్ వెనక ఆకుపచ్చ లైట్లు మినుకుమినుకుమంటుంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులోకి రక్తం పొంగుతుంది, అప్పుడు చర్మం నుంచి తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదలల్ని లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చెబుతుంది. కూర్చున్నప్పుడు మెడ దగ్గర వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టి సరిచూశాను. నా లెక్క 68 అయితే దానిది 67 లేదా 69. అంత బాగా చూపిస్తుంది. పొద్దున్నే లేవగానే నాడి ఎంతో తెలుసుకోవడానికి నాకు దీన్ని మించింది లేదు.

అడుగులు మొదలయ్యాక కథ మారింది. అదే అడుగుని వేగం పెంచుకుంటూ మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో చేయిస్తాం. మూడో కాలానికి వచ్చేసరికి బ్యాండ్ 160 దగ్గర అతుక్కుపోయింది. నాకు అంత ఆయాసం రావడం లేదు మరి. ఆగి వెంటనే మెడ దగ్గర పట్టుకుంటే 124. రెండు మూడు రోజులు ఇదే జరిగాక అర్థమైంది. నేను నిమిషానికి దాదాపు 160 సార్లు పాదం తడుతున్నాను. కాలు నేలని తాకిన అదురు చేతి దాకా వస్తుంది కదా. బ్యాండ్ ఆ అదురునే గుండె చప్పుడు అనుకుని లెక్కపెడుతోంది. పరుగెత్తేవాళ్లకి కూడా ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. లయ తప్పకుండా పాదం తట్టే నాట్యగత్తెకి ఇది మరీ ఎక్కువ. కాబట్టి నాట్యం చేసేవాళ్లు ఆడుతున్నప్పుడు వచ్చే అంకెని నమ్మకండి. ఆగిన తర్వాత అర నిమిషానికి వచ్చే అంకె చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, స్ట్రెస్ నంబరు.

0 నుంచి 100 దాకా ఒక అంకె చూపిస్తుంది. 25 లోపు రిలాక్స్‌డ్, ఆ పైన నార్మల్, మీడియం, 80 దాటితే హై. ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకుంటే దాని మీద కోపం రాదు. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టిందంటే సరిగ్గా సెకనుకి ఒకటి చొప్పున కొట్టినట్టు కాదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఒకసారి 960 మిల్లీసెకన్లు, ఇంకోసారి 1040 ఉండొచ్చు. ఊపిరి లోపలికి తీసేటప్పుడు గుండె కొంచెం తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు కింది భాగం నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నరం చేసే పని అది. నిశ్చింతగా ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గులు బాగా ఉంటాయి. ఒళ్లు పోరాటానికో పరుగుకో సిద్ధమైనప్పుడు వేగస్ పట్టు సడలి, అడ్రినలిన్ అనే హార్మోన్ పైచేయి అయి, దెబ్బలన్నీ గీసినట్టు ఒకే ఎడంతో పడతాయి. బ్యాండ్ చూసేది ఆ ఎడాన్ని. ఎడంలో మార్పు తగ్గితే స్ట్రెస్ పెరిగిందంటుంది. మనసుని చూసే కన్ను దానికి వేరే లేదు.

మా విద్యలో మొదటినుంచి చెప్పుకునే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. భరతముని నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు, అంటే మనసులో నిలిచి ఉండే భావాలు, ఎనిమిది: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. ఇవి లోపలివి. ఒంటి మీద తమంతట తాము పుట్టుకొచ్చే సాత్విక భావాలు మరో ఎనిమిది. స్తంభం అంటే కొయ్యబారిపోవడం. స్వేదం, చెమట. రోమాంచం. స్వరభంగం, గొంతు పూడుకుపోవడం. వేపథువు, వణుకు. వైవర్ణ్యం, ముఖం రంగు మారడం. అశ్రువు. ప్రళయం, స్పృహ తప్పడం.

పిల్లలకి ఇవి శ్లోకంలా వల్లె వేయిస్తాను. కానీ ఈ మూడు నెలల్లో ఒక్కొక్కదాని వెనక ఒంట్లో ఏం జరుగుతుందో చదువుకున్నాక, ఆ జాబితా మీద నాకున్న గౌరవం పదింతలైంది. రోమాంచం అంటే ప్రతి వెంట్రుక మొదట్లో ఉన్న ఒక చిన్న కండరం బిగుసుకోవడం. వైవర్ణ్యం అంటే చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలి కండరాలకి మళ్లడం, అందుకే భయంలో చేతులు చల్లబడతాయి. ప్రళయంలో గుండె వేగం, రక్తపోటు రెండూ ఒక్కసారిగా పడిపోయి మెదడుకి రక్తం చాలదు. అప్పుడు మనిషి కూలబడతాడు. అంటే ఈ ఎనిమిదీ ఒకే దారిలో పోయేవి కావు. కొన్నిట్లో గుండె పరుగెడుతుంది, కొన్నిట్లో నెమ్మదిస్తుంది. స్తంభంలో కూడా అంతే. ఏదో ముంచుకొస్తోందని ఒళ్లు గడ్డకట్టిన ఆ క్షణంలో మనిషి గుండె నెమ్మదించడం ప్రయోగాల్లో చూశారు.

ఇంకో మాట చెప్పాడు భరతుడు, ఈ బ్యాండ్ కొనేవాళ్లంతా తెలుసుకోవాల్సింది. చెమట దేనివల్ల పడుతుందని రాస్తూ కోపం, భయం, సంతోషం, సిగ్గు, దుఃఖం, శ్రమ, రోగం, ఎండ, వ్యాయామం అని వరసగా చెబుతాడు. కన్నీటికి ఆనందంతో పాటు పొగ, కాటుక, ఆవలింత, రెప్ప వేయకుండా చూడటం కూడా కారణాలే అంటాడు. గుర్తు ఒకటే, కారణాలు పది. ఏ కారణం వల్ల వచ్చిందో దాన్ని విభావం అంటాం. విభావం తెలియకుండా చెమట చూసి ఇది భయం అని చెప్పడం కుదరదు. బ్యాండ్‌కి లేనిది సరిగ్గా ఆ విభావం.

ఇదే గొడవ పాశ్చాత్యుల్లోనూ నడిచింది. 1884లో విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, మనం దుఃఖం వచ్చి ఏడవడం కాదు, ఏడుస్తున్నాం కాబట్టే దుఃఖం అనిపిస్తుంది అన్నాడు. ఒంట్లో వచ్చిన మార్పుని మనసు పసిగట్టడమే భావం అని ఆయన వాదన. అడ్రినలిన్ మీద ఎంతో పనిచేసిన హార్వర్డ్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1927లో దాన్ని ఒప్పుకోలేదు. భయంలోనూ కోపంలోనూ లోపలి అవయవాల్లో వచ్చే మార్పులు ఒకలాగే ఉంటాయి, చలి వేసినా జ్వరం వచ్చినా అవే వస్తాయి, అలాంటప్పుడు వాటిని బట్టి భావం ఎలా తెలుస్తుంది అని అడిగాడు. భరతుడి జాబితాలోని ఎండ, రోగం అన్న మాటలు ఆ పక్కన పెట్టి చూడండి. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది. (పుస్తకంలో రాసుకున్నాను: రాత్రి 11.20, స్ట్రెస్ 71.)

ఒక రాత్రి క్లాసు అయ్యాక ఇంట్లో నేనే పరీక్ష చేసి చూశాను. పది నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చున్నాక గుండె వేగం 69. కుర్చీలోంచి లేవకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ముఖంతో మాత్రమే ఒక నిమిషం క్రోధం పట్టాను. కనుబొమలు ముడి, ముక్కుపుటాలు, బిగిసిన పెదవి. 88. కాసేపు ఆగి హాసం పట్టాను. 74. మళ్లీ ఆగి శోకం. మొదట ముఖం వరకే పెట్టాను, 75 దగ్గర ఉంది. తర్వాత మనసు పెట్టాను. జడ వేసుకుని, వాకిట్లో నిలబడి, రాని మనిషి కోసం చూసే సత్యభామని తెచ్చుకున్నాను. కంట్లో నీరు తిరిగింది. 84. మనసు లగ్నం కానిదే సాత్వికం పుట్టదని మా గురువుగారు చెప్పేవారు. ఆ తొమ్మిది అంకెల తేడా చూసినప్పుడు ఆయన గుర్తొచ్చారు.

ఇది నా ఒక్కదాని పరీక్ష కాదని తెలిసి ఇంకా ఆశ్చర్యపోయాను. 1983లో పాల్ ఎక్మన్, ఆయన సహచరులు అమెరికాలో నటుల్ని కూర్చోబెట్టి, ఏ భావమో పేరు చెప్పకుండా, ఈ కండరం పైకెత్తండి, ఆ పెదవి బిగించండి అని ఒక్కొక్కటే చెప్పి ముఖం పట్టించారు. కోపం, భయం, దుఃఖం ముఖాలు పట్టినప్పుడు గుండె వేగం బాగా పెరిగింది. వేళ్ల వేడి మాత్రం భయంలో కంటే కోపంలో ఎక్కువ పెరిగింది. అయితే ఆ తర్వాత ఎంతోమంది చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఒక్కో భావానికి ఒంట్లో ఒక్కో ఖచ్చితమైన గుర్తు ఉందని తేలలేదు. నా పుస్తకం కూడా అదే చెప్పింది. క్రోధానికీ, శోకానికీ, శాస్త్రం చదివి పొంగిపోయిన రాత్రికీ బ్యాండ్ ఇచ్చిన పేరు ఒక్కటే: మీడియం.

మార్చి నెలలో ఒక రాత్రి గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయాల్సిందే అనిపించింది.

పదిన్నరకి మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు ఛాతీ పట్టుకుని కూలబడిపోయారు, విజయవాడ తీసుకెళ్తున్నాం" అంది. నేను వెళ్లేసరికి వాణ్ని లోపలికి తీసుకెళ్లిపోయారు. ఐసీయూ బయట స్టీలు బెంచీ మీద కూర్చున్నాను. మా మరదలు నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. మాట రాలేదు. ఎదురుగా గోడ మీద అగ్గి ఆర్పే ఎర్ర డబ్బా ఒకటి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. రెండు గంటలప్పుడు టైమ్ కోసం చేయి తిప్పి చూశాను. గుండె వేగం 63. స్ట్రెస్ 24, రిలాక్స్‌డ్.

నా జీవితంలో అంతకంటే చెడ్డ రాత్రి లేదు.

నాలుగున్నరకి డాక్టరుగారు బయటికి వచ్చారు. "స్టెంట్ వేశామమ్మా, ప్రమాదం తప్పింది. పొద్దున మాట్లాడొచ్చు" అన్నారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మోకాళ్లు వణికి మళ్లీ బెంచీ మీదే కూలబడ్డాను. గొంతులోంచి "దండం బాబూ" అన్న మాట కూడా సగమే వచ్చింది. అదే నిమిషంలో మణికట్టు మీద బ్యాండ్ గుర్రుమంది. మీ స్ట్రెస్ చాలా ఎక్కువగా ఉంది, ఒక నిమిషం ఊపిరి మీద దృష్టి పెట్టండి అని. గుండె వేగం 109.

ఇందులో యంత్రం తప్పు చెప్పలేదని నాకు తెలుసు. గంటల తరబడి కదలకుండా కూర్చున్నాను. తెల్లవారుజామున మన ఒంట్లోని గడియారం గుండెని ఎలాగూ నెమ్మదిస్తుంది. నేను స్తంభంలో ఉన్నాను. బ్యాండ్ చూసిన గుండె నిజంగా నెమ్మదిగానే కొట్టింది. నాలుగున్నరకి వచ్చినవి అశ్రువు, వేపథువు, స్వరభంగం, మూడూ ఒక్కసారే. లోపలున్నది చెప్పలేనంత ఆనందం. గుండె నిజంగానే 109 కొట్టింది. అంకె నిజం, దాని పక్కన రాసిన పేరు అబద్ధం. అంకె చూపించి ఊరుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. రిలాక్స్‌డ్ అన్న మాట రాసే హక్కు దానికి లేదు. ఆ మాట చదివినప్పుడు నా ఒంటరితనం ఎక్కువైంది. ఈ కంపెనీలు ఆలోచించాల్సిన విషయం ఇది. 'మీ గుండె వేగంగా కొడుతోంది' అని చెప్పండి చాలు. అది దేనివల్లో మనిషికి తెలుస్తుంది.

ఇంత చెప్పాక, ఈ బ్యాండ్ నాకు చేసిన మేలు కూడా చెప్పాలి. అది చిన్నది కాదు.

ఉగాదికి గుళ్లో మా పిల్లల కార్యక్రమం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మొదటిసారి ఒంటరిగా పళ్లెం మీద తరంగం చేయాలి. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి, తల మీద నీళ్ల చెంబుతో నడవాలి. తెర వెనక గజ్జెలు కట్టుకుంటూ నా చేయి పట్టుకుంది. "టీచరుగారూ, భయమేస్తోంది. కాళ్లు వణుకుతున్నాయి. నేను చేయలేను" అంది. చేయి చల్లగా, తడిగా ఉంది. నా బ్యాండ్ తీసి ఆ పిల్ల చేతికి కట్టాను. అర నిమిషం పాటు అంకె రాలేదు, గీతలే వచ్చాయి. భయంతో చర్మం కింది నాళాలు ముడుచుకుంటే వెలుగుకి రక్తం అందదు. చేతులు రుద్ది వెచ్చబరిచాక వచ్చింది, 127.

ఇన్నేళ్లూ నేను ఇలాంటప్పుడు "భయపడకు తల్లీ, ప్రశాంతంగా ఉండు" అనేదాన్ని. పరుగెత్తే గుండెని ఉన్నపళంగా కూర్చోబెట్టడం ఎవరి తరం? 2014లో హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ చేసిన ప్రయోగాల గురించి చదివాను. జనం ముందు పాడబోయేవాళ్లలో, మాట్లాడబోయేవాళ్లలో కొందరిచేత 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనిపించింది, కొందరిచేత 'నాకు ఉత్సాహంగా ఉంది' అనిపించింది. ఉత్సాహం అన్నవాళ్లు మెరుగ్గా చేశారు. గుండె దడ తగ్గకపోయినా చేశారు. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది నాకు. భయం, ఉత్సాహం రెండూ మన ఎనిమిది స్థాయీభావాల్లోవే. ఒకటి భయానక రసం అవుతుంది, రెండోది వీర రసం అవుతుంది. ఒంటి మీద రెండిటి గుర్తులూ ఇంచుమించు ఒకటే.

ఆ అమ్మాయికి బ్యాండ్ చూపించి చెప్పాను. "నాన్నా, ఇదిగో 127. యుద్ధానికి వెళ్లే వీరుడికీ ఇంతే ఉంటుంది. నీ ఒళ్లు నీకు సాయం చేయడానికే లేచి నిలబడింది. ఇది ఉత్సాహం. అను." ఆ పిల్ల రెండు సార్లు అంది. మూడోసారి గట్టిగా అంది. వెళ్లి పళ్లెం ఎక్కింది. ఒకచోట చెంబు కొంచెం ఊగింది, సర్దుకుంది. దిగి వచ్చాక మళ్లీ బ్యాండ్ కట్టి చూశాం, 139. ముఖం ఎర్రబడి, చేతులు వెచ్చగా, వాళ్లమ్మని పట్టుకుని ఎగురుతోంది. స్ట్రెస్ మాత్రం ముందూ హై, వెనకా హై. అది చూసి ఆ అమ్మాయే, "టీచరుగారూ, దీనికేం తెలియదు" అంది.

ఊపిరి నేర్పించే ఫీచర్ ఒకటి ఉంది. నిజంగా మంచిది. 4 సెకన్లు తీసుకోమంటుంది, 6 సెకన్లు వదలమంటుంది. నిమిషానికి ఆరు ఊపిరులు. వదిలే ఊపిరి పొడవైతే వేగస్ నరం పట్టు బిగిసి గుండె నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలు చేస్తే నాకు ఏడెనిమిది అంకెలు తగ్గుతోంది. పరీక్షల ముందు పిల్లలచేత క్లాసు చివర్లో చేయించాను. దీనికి బ్యాండ్ కూడా అక్కర్లేదు, తాళం లెక్క చాలు. నిద్ర లెక్క సుమారుగా ఉంది. కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నా నిద్ర కింద వేసేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. మా దగ్గరకి వచ్చే ఒక పిల్ల వాళ్లమ్మ ఇలాంటి బ్యాండే కొనుక్కుంది. ఆమెది కంగారు స్వభావం. పది నిమిషాలకోసారి చేయి చూసుకోవడం మొదలుపెట్టింది. 95 కనిపిస్తే టెన్షన్, టెన్షన్ పడితే 110, 110 చూసి ఏదో అయిపోతోందని ఇంకా టెన్షన్. ఒక రాత్రి ఆసుపత్రికి పరుగెత్తారు. ఈసీజీ మామూలుగానే ఉంది. ఒంట్లో మామూలుగా జరిగే మార్పుని ప్రమాదంగా చదువుకోవడమే పానిక్‌కి మూలం అని డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త 1986లోనే చెప్పాడు. అలా చదువుకునే మనిషి చేతికి నిమిషనిమిషం నాడి చూపించే వస్తువు కట్టడం మంచిది కాదు. ఆమె ఇప్పుడు బ్యాండ్ బీరువాలో పెట్టేసింది, కౌన్సెలింగ్‌కి వెళ్తోంది. ఇలాంటి బాధ ఉన్నవాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. అలాగే ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు పట్టడం ఉంటే బ్యాండ్ ఏం చూపిస్తోందని చూడకండి, తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. మా తమ్ముడు నడివయసు మనిషి. వాడు కూడా ముందు గ్యాస్ అనుకుని గంట ఆలస్యం చేశాడు.

కొనాలా అంటే, పొద్దుటి నాడి కోసం, నడక కోసం, ఊపిరి సాధన కోసం కొనండి. ఆ ధరకి న్యాయమైన వస్తువే. మానసిక ఒత్తిడి కొలుస్తుందన్న మాట నమ్మి మాత్రం కొనకండి. సెట్టింగుల్లోకి వెళ్లి స్ట్రెస్ హెచ్చరికలు ఆపేయొచ్చు. విజయవాడ నుంచి తిరిగొచ్చిన రోజే నేను ఆపేశాను. పట్టీ బట్టది మార్చుకోండి. స్టేజీ మీద, క్లాసులో ఆడుతున్నప్పుడు తీసి పక్కన పెట్టండి.

చేతి పుస్తకం మాత్రం కొనసాగిస్తున్నాను. ఇప్పుడు పిల్లలకి కూడా ఇదే అభ్యాసం పెట్టాను. నాడి పట్టుకుని అంకె రాయాలి, పక్కన విభావం రాయాలి. చిన్నవాళ్లు 'తమ్ముడు నా జడ లాగాడు, 98' అని రాసుకొస్తున్నారు. నా పుస్తకంలో చివరి పేజీలో ఉన్నది ఇది: ఏప్రిల్ 14, సాయంత్రం 5.50, గుండె వేగం 112. తమ్ముడు కారు దిగి, ఎవరి చేయీ పట్టుకోకుండా, మా ఇంటి మెట్లెక్కాడు.